పరకాల బ్రాంచి కుర్చీ

మగవాడిగా పుట్టి ఉంటే బాగుండునని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఒక్క మగవాడిగా పుట్టి ఉంటే బాగుండునని మాత్రం లెక్కలేనన్నిసార్లు అనుకున్నాను. అతనేమీ అందగాడు కాదు, ఉన్నింటివాడూ కాదు. మట్టెవాడలో ఒక బట్టల దుకాణం పైన, మేడమీద నడిచే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు పిల్లలకు టైపు నేర్పేవాడు. ఇద్దరిదీ ఒకటే పని. అయినా అతన్ని చూస్తే నాకు కడుపుమంటగా ఉండేది.

డెబ్బైల చివరి రోజులవి. పదో తరగతి గట్టెక్కిన ప్రతి పిల్లా పిల్లగాడూ టైపు నేర్చుకోవాల్సిందే. సర్కారు కొలువు వస్తే ఆ దారినే వస్తుందని ఇళ్లలో అందరికీ నమ్మకం. మా మేడమీద మిషన్లు పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా టకటకలాడుతూనే ఉండేవి. కింద చీరలు బేరమాడే ఆడవాళ్లు మా మోతకు గొంతు పెంచి అరిచేవారు. నేనూ అక్కడే నేర్చుకుని, లోయరూ హయ్యరూ రెండూ పాసై, పెళ్లయ్యాక అక్కడే నేర్పడానికి చేరాను. మావారికి బజారులో కిరాణా దుకాణం ఉంది. కోడలు కొలువు చేయడం మా అత్తమ్మకు నచ్చకపోయినా, మేడమీది పనే కదా, నలుగురి కంటా పడదని ఊరుకుంది. అతను చేరింది కూడా ఆ నెలలోనే.

ఇన్‌స్టిట్యూట్ యజమానిని అందరం పెద్దసార్ అనేవాళ్లం. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పండగొస్తే ఇంటి నుంచి సకినాలు తెచ్చి అందరికీ పంచేవాడు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచివాడు కావడం వల్ల ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా చాలా కష్టంగా ఉండేది.

మొదటి తేడా పిలుపులోనే వచ్చింది. పిల్లలు అతన్ని సార్ అనేవారు, నన్ను అక్కా అనేవారు. ఒకటి రెండుసార్లు మేడం అనమని చెప్పి చూశాను. చెప్పిన రోజు అన్నారు, మర్నాటికి మళ్లీ అక్కనే అయ్యాను. అతను కూడా నన్ను అక్కా అనేవాడు. నేను మాత్రం అతన్ని సార్ అనాలి, పిల్లల ముందు మరోలా పిలిస్తే బాగుండదని పెద్దసార్ ముందే చెప్పాడు. అతనికి చేతుల కుర్చీ ఉండేది. నాకు స్టూలు. ఆడవాళ్లు కాళ్లు చాపుకుని వెనక్కి వాలి కూర్చోరు కదా అని కాబోలు.

అతను ఆలస్యంగా వస్తే, "పాపం, ఏం పని తగిలిందో" అనేవాడు పెద్దసార్. నేను ఆలస్యంగా వస్తే, "ఏమ్మా, ఇంట్ల పని తెమలలేదా?" అని నవ్వుతూనే అడిగేవాడు. అతను పిల్లల మీద కోప్పడితే క్రమశిక్షణ. నేను కోప్పడితే, "జర నిమ్మలంగ ఉండు బిడ్డా, ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?" అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. అతని బ్యాచి పిల్లలు పాసైతే సార్ చేతి చలువ. నా బ్యాచి పిల్లలు పాసైతే, ఆడపిల్లలు కదా, బుద్ధిగా నేర్చుకుంటారు.

నా స్పీడు అతని స్పీడు కంటే ఎక్కువ. అది అతనే ఒప్పుకునేవాడు. "అక్క వేళ్లకు మిషనే అందది" అని పిల్లల ముందు చెప్పి నవ్వేవాడు. ఓడిపోయి నవ్వగలిగేవాడంటే ఆ ఓటమి వల్ల వాడికి పోయేదేమీ లేదన్నమాట. నాకు ఆ నవ్వు మీద కూడా కుళ్లే.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను కాల్చింది చాయ్. సాయంత్రం నాలుగైతే పెద్దసారూ అతనూ కలిసి మూలమలుపు దగ్గరి హోటలుకు పోయేవారు. నాకు గ్లాసులో చాయ్ పైకే వచ్చేది, మీగడ కట్టి, చల్లారి. చాయ్ రుచి గురించి కాదు నా ఏడుపు. ఇన్‌స్టిట్యూట్ సంగతులన్నీ ఆ హోటలు బెంచీ మీదే తేలేవి. ఏ బ్యాచి ఎవరికి, కొత్త మిషన్ కొనాలా వద్దా, పరీక్షలప్పుడు మిషన్లను రిక్షాల్లో వేసుకుని సెంటరుకు ఎవరు పోవాలి, అన్నీ అక్కడే. మెట్లెక్కి పైకి వచ్చేసరికి అవి నిర్ణయాలైపోయి ఉండేవి, నేను తల ఊపాలి. తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అంటారు. మా దగ్గర అతను తిరిగి బాగుపడ్డాడు. తిరగనందుకు నేను చెడ్డాను.

ఒకసారి నేనూ వస్తానన్నాను. పెద్దసార్ నొచ్చుకున్నట్టు చూశాడు. "అక్కడంత మొగోళ్లే ఉంటరు తల్లీ. నీకేం కావాల్నో చెప్పు, పైకే పంపిస్త" అన్నాడు. నాకేం కావాలో చెబితే పంపించేది కాదు. ఉస్మానియా బిస్కట్ కావాలన్నాను.

అతని భార్య రెండో కాన్పుకు దవాఖానలో ఉన్నప్పుడు, అతను మూడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. పిల్లకు గౌను తిరగేసి తొడిగాడు, తల దువ్వలేదు. ఇక చూడాలి మేడమీద జాతర! నా బ్యాచి ఆడపిల్లలు మిషన్లు వదిలేసి ఆ పిల్లకు జడలు వేశారు. పెద్దసార్ భార్య ఇంటి నుంచి గిన్నెలో ఉప్మా పంపింది. అతను ఆ ఉప్మా రెండు ముద్దలు పిల్ల నోట్లో పెట్టాడు. మొదటి ముద్ద పెట్టగానే నా బ్యాచి అమ్మాయి ఒకతి కళ్లు తుడుచుకుంది. "తల్లి లెక్క పెడ్తాండు సూడే" అంది పక్కదానితో. మూడో ముద్దకు అతను విసుగొచ్చి గిన్నె వాళ్ల చేతికే ఇచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకుని చూస్తూ కూర్చున్నాను.

అంతకు ముందటి ఏడే నేనూ మావాణ్ని తెచ్చాను. అత్తమ్మ ఊళ్లో లేదు, వాడికి ఒళ్లు వెచ్చగా ఉంది. మూలన చాప వేసి పడుకోబెట్టి, ఒక కన్ను వాడి మీదా ఒక కన్ను పిల్లల వేళ్ల మీదా పెట్టి పాఠం చెప్పాను. తిరగేసిన గౌను కాదు, ఉతికిన చొక్కా వేసే తెచ్చాను. పెద్దసార్ మెల్లగా పక్కకు పిలిచాడు. "ఇది ఇన్‌స్టిట్యూటా, బాలవాడా అమ్మా? జర ఇంట్ల ఎవలనన్న చూస్కోమనరాదు? పిల్లగాని మీద పానం పెట్టుకొని పాఠం ఎట్ల చెప్తవు?" అన్నాడు. ఉప్మా రాలేదు. పైగా మావాడు లేచి ఏడిస్తే, ఇదే ఆడపిల్లలు తలలు తిప్పి విసుగ్గా చూశారు.

పరకాలలో బ్రాంచి పెట్టాలన్న ఆలోచన కూడా ఆ హోటలులోనే పుట్టింది. కానీ ఈసారి నా అవసరం పడింది. పరకాల మా తల్లిగారి ఊరు. బస్టాండుకు దగ్గర్లో, విత్తనాల దుకాణం పక్కన గది మాట్లాడింది మా అన్న. బడికి పోయే ఆడపిల్లల ఇళ్లకు తిరిగి, "మా బిడ్డ పని చేసే ఇన్‌స్టిట్యూటే, ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పి పేర్లు రాయించింది మా అమ్మ. బ్రాంచి చూసుకునేవాళ్లకు గది తాళం చేతికే ఇస్తారు. బ్యాచీలు వాళ్లే వేసుకోవచ్చు. తలుపుకు ఎదురుగా బల్ల, బల్ల వెనక చేతుల కుర్చీ. ఆ కుర్చీ హన్మకొండ వడ్రంగి దగ్గర తయారవుతుంటే నేను చూసొచ్చాను. ఇంకా వార్నిష్ వేయలేదు. చేతులు పెట్టుకునేచోట అరచేతితో నిమిరి వచ్చాను.

ఆ కుర్చీ నాకు కావాలి. అంతగా ఏదీ కోరుకోలేదు నేను, పెళ్లప్పుడు కూడా.

ఒక సాయంత్రం వాళ్లిద్దరూ చాయ్ తాగి పైకి వచ్చారు. పెద్దసార్ అతని భుజం మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా చెప్పాడు. "పరకాలకు తమ్ముణ్ని పంపుతాన్నమ్మా."

నేను నోరు తెరిచాను. "సార్, అది మా ఊరు."

"నాకెరుకే గదా. కని రోజు బస్సుల పోయి రావాలె. ఆడమనిషివి, నీతోని ఎట్లయితది?"

"పుట్టినకాడి నుంచి ఆ బస్సులనే తిరుగుతాన్న సార్. పిల్లగాన్ని సంకన ఏస్కొని, మూటలు పట్టుకొని, నిలబడి పోయిన."

"అగో, అదే చెప్తాన్న. తల్లిగారింటికి పోవుడు వేరు, నౌకరికి పోవుడు వేరు" అన్నాడు, ఎంతో తెలివైన మాట చెప్పినవాడిలా. "అయిన, నీకు ఇంటాయన దుకాణమున్నది. తమ్మునికి సంసారం మీద పడ్డది."

అతను కిటికీలోంచి బజారు చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరవాల్సిన పని అతనికేముంది? ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడిస్తే, మావారు, "పోనీ తియ్, రోజు అంతదూరం ఎవలు తిరుగుతరు" అన్నారు. ఆ మాటతో అన్నం కూడా సహించలేదు.

తర్వాత కొన్నాళ్లు నేను అతనితో పని ఉంటే తప్ప మాట్లాడలేదు. అతను పరకాల గురించి పిల్లలకు చెబుతుంటే వినపడకుండా మిషన్ మీద టకటకా కొట్టేదాన్ని. అయినా వినపడేది. ఇంతలో ఒక పొద్దున అతను పెద్దసార్ దగ్గరికి వెళ్లి, తాను పరకాల పోలేనని చెప్పాడు. "ఇంట్ల పసిపిల్ల ఉన్నది సార్. పొద్దున పోతే మాపటికి వస్త, ఆమె ఒక్కతే అయితది" అన్నాడు. మెల్లగా, తల వంచుకుని.

పెద్దసార్ గొంతు పూడుకుపోయింది. మిషన్లు ఆపమని పిల్లలకు సైగ చేశాడు. "వినుండ్రి బిడ్డా. పెండ్లాం పిల్లల కోసమని ఇంత మంచి అవకాశం ఇడిసిపెట్టిండు. ఇసొంటి మొగోడు యాడన్న ఉంటడా?" ఎక్కడా ఉండడని ఆడపిల్లలు తలలూపారు. ఒకమ్మాయి నావైపు తిరిగి, "గ్రేట్ కదక్కా!" అంది.

మావాడు పాలు తాగే వయసులో ఏటూరునాగారంలో ఒక సర్కారు ఆఫీసులో నాకు టైపిస్టుగా కొలువు వచ్చింది. ఈ మేడమీద నేర్చుకున్నవాళ్లంతా కలలు కనే సర్కారు కొలువు. నేను పోలేదు. "పసిపిల్లగాన్ని ఏస్కొని అడివిల ఏడ ఉంటవ్?" అంది అత్తమ్మ. అంతటితో ఆ సంగతి ముగిసింది. ఎవరి గొంతూ పూడుకుపోలేదు, ఎవరూ మిషన్లు ఆపలేదు. "మంచి పని చేసినవమ్మా" అని పెద్దసార్ ఒక్క మాట అని, రిబ్బన్ మార్చాల్సిన మిషన్ ఏదో చూపించాడు. ఆ వేళ రిబ్బన్ మారుస్తూ వేళ్లన్నీ నల్లగా చేసుకున్నాను. నేను సర్కారు కొలువును వదులుకున్నానన్న సంగతి నా బ్యాచి పిల్లలకు తెలియనే తెలియదు.

అతను వద్దన్న పరకాల కుర్చీ అలా నాకు వచ్చింది. గది మాట్లాడి, ప్రారంభానికి రోజు చెప్పేశాక వేరే ఎవరిని వెతుకుతారు? "తమ్ముడు నీకోసం ఇడిసిపెట్టిండమ్మా, మంచిగ నడుపుకో" అన్నాడు పెద్దసార్. నాకోసమట. పెండ్లాం పిల్లల కోసమన్నది అప్పుడే నాకోసమైపోయింది. ఇంటికి వెళ్లి చెబితే అత్తమ్మ, "ఆ సారు ధర్మాత్ముడు" అంది. నాకు సంతోషం కలగలేదని అనను. దక్కింది. కానీ దానిమీద అతని చేతి గుర్తులున్నాయి.

ప్రారంభం రోజు అందరం బస్సులో బయల్దేరాం. పెద్దసార్ దంపతులు ముందు సీట్లో, అతను ఒక్కడే కిటికీ పక్కన, నేనూ అతని భార్యా వెనక. అదే ఆమెను మొదటిసారి దగ్గరగా చూడడం. సన్నటి మనిషి, ఒళ్లో రెండో పిల్ల, పక్కన పెద్దది. బస్సు ఊరు దాటగానే అతను జేబులోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సగం దారిలో ముఖం తెల్లగా పాలిపోయింది. పరకాలలో దిగీదిగగానే గోడ పక్కకు పరుగెత్తాడు. కక్కుతున్న చప్పుడు మా దాకా వినపడింది.

"పాపం, రాత్రంత పిల్లను ఎత్తుకొని నిద్ర లేనట్టున్నది" అంది పెద్దసార్ భార్య.

అతని భార్య నా భుజం మీదికి వంగి కిసుక్కున నవ్వింది. "ఎత్తుకునుడా! బస్సు పడదక్కా ఆయనకు. ఎక్కితె కక్కుడే. మా పెండ్లిచూపులకు సుత సైకిల్ మీదనే వచ్చిండు."

"మరి పరకాల పోనన్నది?"

"బస్సుకేనక్కా. నేనైతే పొమ్మన్న. ఇంటికాడ ఉండి ఏం చేస్తడు, ఒక్క చాయ్ కూడ పెట్టుకోడు."

బస్టాండులో నిలబడిపోయాను. బస్సు! నేను బస్సులో ఒక్కసారి కక్కుకుని ఉంటే, 'ఏం, నెల తప్పిందా' అని అడిగేవారు. మర్నాటికి పెద్దసార్ నా స్టూలు మీదికి ఇంకొకరిని వెతికేవాడు. ఇతను కక్కుకుంటే ధర్మాత్ముడు! ఆ క్షణంలో నాకు అతని అదృష్టం మీదే కాదు, అతని వాంతి మీద కూడా అసూయ కలిగింది.

గదికి మామిడాకులు కట్టారు. మా అన్న, అమ్మ, విత్తనాల దుకాణం సేటు, పేర్లు రాయించిన ఆడపిల్లలు, వాళ్ల తండ్రులు. బల్ల వెనక నా కుర్చీ, వార్నిష్ మెరుస్తూ. దాంట్లో పెద్దసార్ కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టాక లేచి మాట్లాడాడు. నా గురించి ఒక వాక్యం చెప్పాడు, ఈ ఊరి బిడ్డ అని. తర్వాతదంతా అతని గురించే. ఇంత పెద్ద మనసు ఉన్నవాడి వల్లే ఈ ఊరికి బ్రాంచి, ఈ బిడ్డకు కుర్చీ వచ్చాయని చెప్పి, సంచీలోంచి బంతిపూల దండ తీశాడు. ఒకటే దండ తెచ్చాడు.

"దా అమ్మా, సార్‌కు నీ చేతులతోని వెయ్యి" అని నాకిచ్చాడు.

నేను దండ పట్టుకుని అతని ముందు నిలబడ్డాను. అతను మెడ వంచాడు. "అయ్యో అయ్యో, ఏం పని సార్ ఇది! పెండ్లా ఏంది?" అని అరిచింది మా అమ్మ. పెళ్లయిన ఆడది పరాయి మగవాడి మెడలో దండ వేయడమా? తండ్రులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దసార్ నాలుక కరుచుకున్నాడు. మా అన్న దండ తీసుకోవడానికి చెయ్యి చాపాడు.

నేనివ్వలేదు. వెనక్కి తిరిగి, గోడ దగ్గర పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ అతని భార్య మెడలో వేశాను. స్త్రీవాదం అన్న మాట నాకప్పుడు తెలియదు. కుళ్లు తెలుసు. ఆ దండ అతని మెడలో పడకూడదు, అంతే.

"పిల్లలను చూసుకునేది ఈమెనే కదా సార్" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బస్టాండులో బస్సు బయల్దేరుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆమె ముఖం ఎర్రబడింది. మొగుడికి బస్సు పడదన్న సంగతి ఎక్కడ బయటపెడతానోనని భయపడిందో, ఊరికే సిగ్గుపడిందో. "నాకెందుకక్కా" అంటూ పిల్లను నా చేతుల్లో పెట్టింది. రెండు చేతులతో దండ తీసింది. తీసి, రెండడుగులు వేసి, మొగుడి మెడలో వేసి, వంగి అతని కాళ్లకు దండం పెట్టింది.

గది హోరెత్తిపోయింది. పెద్దసార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మా అమ్మ కూడా కొట్టింది చప్పట్లు, మా అన్న కూడా. పేర్లు రాయించుకున్న ఆడపిల్లలు అందరికంటే ఎక్కువసేపు కొట్టారు. అతను పాలిపోయిన ముఖంతోనే చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు.

నేనొక్కదాన్నే కొట్టలేదు. నా రెండు చేతుల్లో అతని పిల్ల ఉంది.